సొరబుర్రలో మన తండాల చరిత్ర

హాస్టల్లో చదువుకున్నవాళ్లకు సొరకాయ కూర గురించి వేరే చెప్పే పని లేదు. నీళ్లెక్కువ, ముక్కలు తక్కువ. మా హాస్టల్లోనూ అది వండిన రోజు ప్లేట్లు కడిగే తొట్టి దగ్గరే సగం కూర మిగిలేది. అందుకే, నాలుగేండ్ల కిందట సెలవులు అయిపోయి వచ్చిన ఒక ఎనిమిదో తరగతి పాప ట్రంకుపెట్టె వెనక ఏదో దాస్తోందని తెలిసి చూస్తే, అది ఎండిన సొరబుర్ర అయ్యేసరికి తక్కిన పిల్లలంతా పగలబడి నవ్వినారు. "దీన్ని గూడా వండుతారా మేడమ్?" అని ఒకతి అడిగింది. బుర్ర మెడకు నారతాడు, మూతికి గుడ్డ ఉండ. లోపల అనపగింజలు, వాటి మధ్య బూడిద. హాస్టల్ పెరట్లో వేసుకోమని వాళ్ల దాది మాకు పంపించిందట. ఆ పాపకు మాత్రం సిగ్గు. బస్సులో అందరూ చూసినారని, తండావాళ్లమని తెలిసిపోయిందని ఏడ్చింది.

ఆ ఏడుపు మమ్మల్ని చాలా రోజులు వదల్లేదు. మేమూ తండాలో పుట్టినవాళ్లమే. పదో తరగతిలో మా స్నేహితురాళ్లు ఇంటికొస్తారంటే, దంతెకు వేలాడే బుర్రల్ని మేమే తీసి అటక మీద పడేసినాం. తర్వాత అవి ఏమైనాయో ఎవరూ అడగలేదు.

బీఎడ్ చదివేటప్పుడు చరిత్రకు ఆధారాలు ఏవంటే శాసనాలు, నాణేలు, కట్టడాలు, గ్రంథాలు అని వరుసగా రాసి మార్కులు తెచ్చుకున్నాం. ఆ వరుసలో మన ఇంటి వస్తువు ఒక్కటీ లేదు. రాజు రాయి మీద రాయించుకున్నాడు, రాయి నిలిచింది. మనవాళ్లు బుర్ర మీద గీసుకున్నారు. బుర్రను చెదలు తిన్నది, వాన నానబెట్టింది, చివరికి పొయ్యిలోకి పోయింది. అదే పెరూ దేశపు సముద్రతీరం చూడండి. అక్కడ వాన పడదు, అంతా పొడి ఇసుక. 1946-47లో జూనియస్ బర్డ్ అనే పురాతత్వ శాస్త్రవేత్త హువాకా ప్రియేటా అనే దిబ్బను తవ్వితే, ముఖాల బొమ్మలు చెక్కిన చిన్న సొరబుర్రలు దొరికినాయి. వాటి వయసు నాలుగు వేల ఏండ్లకు పైనే. బుర్ర నిలిచినచోట అది చరిత్ర అయింది. మన దగ్గర నిలవలేదు కాబట్టి మనకు చరిత్రే లేదన్నట్టు అయిపోయింది. మాకున్న బాధ అది.

ఈ తీగ పుట్టిల్లు ఆఫ్రికా. మట్టికుండ పుట్టకముందే మనిషి చేతికి వచ్చిన గిన్నె ఇది. ఎండిన కాయ ఉప్పునీళ్లలో నెలల తరబడి తేలినా లోపలి విత్తనం చావదు. అందుకే ఎవరూ మోసుకుపోకుండానే సముద్రాలు దాటగలిగింది. కెన్యాలో కలెంజిన్ జనం ఇప్పటికీ పాలను సొరబుర్రలోనే పులియబెడతారు. పశ్చిమ ఆఫ్రికాలో కోరా అనే తంత్రీవాద్యం పెద్ద బుర్రను సగానికి కోసి, దాని మీద తోలు బిగించి చేసింది. చైనాలో లేతకాయకు అచ్చు తొడిగి, ఆ అచ్చు ఆకారంలోనే పెరిగేటట్టు చేసేవాళ్లు. బొమ్మను మనిషి మొదలుపెడితే కాయే దాన్ని పూర్తిచేస్తుంది.

మన తెలుగులో బుర్ర అంటే తలకాయ కూడా. "బుర్ర ఉందా?" అని తిట్టేవాళ్లకు తాము సొరకాయను తలచుకుంటున్నామని తెలియదు. బుర్రకథకు ఆ పేరు వచ్చింది కూడా కథకుడి భుజం మీది తంబుర బుర్ర వల్లనే. ఇక గొప్పలు చెప్పేవాణ్ణి సొరకాయలు కోస్తున్నాడు అంటాం. నిజానికి సొరకాయ కోసినవాళ్లెవరూ గొప్పలు చెప్పుకోలేదు, ఆ సంగతి తర్వాత చెప్తాం.

లేపాక్షి వీరభద్రాలయానికి పిల్లల్ని తీసుకుపోయినప్పుడు, నాట్యమండపం స్తంభాల మీద వీణ పట్టుకున్న తుంబురుణ్ణి చూపించినాం. గుడి 16వ శతాబ్దానిది, విజయనగర రాజుల కాలం. ఆ కాలంలో కర్రకు సొరబుర్రలు కట్టిన వీణలు ఉండేవని చెప్పేసరికి, మన పాప గట్టిగా "అయితే దేవుళ్లూ తండావాళ్లేనా మేడమ్!" అనింది. ఈసారి నవ్వు వేరే రకంగా ఉండింది.

ఇప్పుడు మన సంగతి. తండా అంటే ఈరోజు మనకు ఒకచోట కదలకుండా ఉండే ఊరు. ఒకప్పుడు తండా నడిచేది. 17వ శతాబ్దంలో ఇండియాకు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, పది పన్నెండు వేల ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు వేసుకొని పోయే బంజారాల బిడారుల గురించి రాసినాడు. 1791-92లో టిప్పు సుల్తాను మీదికి పోయిన కారన్‌వాలిస్ సైన్యానికి గింజలు అందించింది కూడా బంజారా ఎద్దులే. సంత్ సేవాలాల్ మహారాజ్ మన గుత్తి దగ్గరి సేవాగఢ్‌లో 1739 ఫిబ్రవరి 15న పుట్టినాడని మన జిల్లాలో నమ్ముతాం. ఆయన కథలన్నీ ఆవుల మందల చుట్టూ, దారుల చుట్టూ తిరిగేవే.

ఇట్లా నడిచే ఇంట్లో ఏ పాత్ర ఉండాలో మీరే ఆలోచించండి. కుండ పగులుతుంది. ఇత్తడి బిందె బరువు, దాని ఖరీదూ ఎక్కువే. సొరబుర్ర ఎద్దు మూపుకు కడితే చప్పుడు చేయకుండా ఊగుతుంది, కింద పడినా ఒక పట్టాన పగలదు, నీళ్లు చల్లగా ఉంటాయి. పగిలితే తర్వాతి మజిలీలో ఏ కంచె మీదో ఇంకొకటి కాస్తుంది. గొర్రెల కాపరులూ అంతే. నల్లమల చెంచులకూ అడవిలో నీళ్లకు, తేనెకు బుర్రే. నిలకడగా ఉన్న రైతు ఇంట్లో బుర్ర విత్తనాలకు పనికొచ్చింది, ఈత నేర్చుకునే పిల్లల నడుముకు పనికొచ్చింది. కదిలే జనానికి మాత్రం అదే వంటిల్లు.

1871వ సంవత్సరాన్ని గుర్తుపెట్టుకోండి. పరీక్షలో అడగరు, అయినా గుర్తుపెట్టుకోండి. ఆ ఏడు మద్రాసు రైలు దారి గుత్తి, గుంతకల్లు మీదుగా రాయచూరు దాకా పడింది. ఎద్దు మీద నెల రోజులు నడిచే ఉప్పు రైల్లో రెండు రోజుల్లో పోవడం మొదలైంది. అదే ఏడు ఉత్తర భారతంలో నేరస్థ తెగల చట్టం తెచ్చినారు. 1911లో దాన్ని మద్రాసు రాజధానికీ విస్తరించి ఎరుకలవాళ్లను, కొన్నిచోట్ల సుగాలీలను పుట్టుకతోనే దొంగలని జాబితాలో రాసినారు. రైలు మన బతుకుతెరువును తీసుకుపోయింది, చట్టం నడకను ఆపింది. ఆ రెంటి మధ్య 1876-78లో ధాత కరువు. అప్పటికి అనంతపురం జిల్లా లేదు, ఇదంతా బళ్లారి జిల్లా. మనది 1882లో వేరుపడింది. ఆ చట్టం 1952 ఆగస్టు 31న రద్దయింది. మన కుటుంబాల్లో ఆగస్టు 31 పండగ కాలేదు. ఎందుకో మీరు మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి.

ఆ 1952లోనే రాయలసీమలో మళ్లీ కరువు, ఊరూరా గంజి కేంద్రాలు. మా జేజికి అప్పటికి పదహారు, పదిహేడేండ్లు. గంజికి పోవాలంటే ఎవరి పాత్ర వాళ్లే తెచ్చుకోవాల. ఇత్తడి, రాగి అన్నీ కోమటి అంగట్లో కుదువలో ఉండాయి. అంగట్లో కుదువ పెట్టుకోనిది ఒక్క సొరచిప్పే. దాంతోనే వరుసలో నిలబడినామని చెప్పేది. చెప్పినప్పుడల్లా చిప్ప ఎంత లోతు ఉండేదో చేతులతో చూపించేది. లోతు చిప్ప ఉన్నవాళ్లకు ఇంకొక గరిటె పడేదట. మా జేజి చెప్పిన కరువు చరిత్ర అంతా ఆ గరిటె లోతే. పుస్తకాల్లో మరణాల లెక్కలు చదివినప్పుడల్లా మాకు ఆ చేతులే కనబడతాయి.

బుర్ర ఎప్పుడు పోయింది? ప్లాస్టిక్ బిందె వచ్చినప్పుడని అందరూ అంటారు. అది సగమే నిజం. సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మీద ఒకప్పుడు జొన్న, కొర్ర, కంది, అనుము, అలసంద కలిపి విత్తేవాళ్లు. గట్టు మీద, కంచె మీద సొర, బీర పాకేవి. తర్వాత అందరం వేరుశనగకు ఎగబడినాం. ఒక దశలో జిల్లాలో ఏడెనిమిది లక్షల హెక్టార్లలో అదొక్కటే పంట. గట్లు చిక్కిపోయినాయి. కంచెలకు ఇనుప ముళ్లతీగ వచ్చింది. సొరకాయ అంగట్లో కొనే కూరగాయ అయింది. అంగడి కాయ గీసిన వెంటనే వండుకునేదే, తోలు పలచన, ఎండబెడితే ముడుచుకుపోతుంది. బుర్రకు పనికొచ్చే మందపు తోలు రకం విత్తనం అవ్వల దగ్గర మాత్రమే మిగిలింది. అంటే బుర్ర కంటే ముందు విత్తనం పోయింది. ఆ పాప తెచ్చిన బుర్ర లోపల అనుములతోపాటు అడుగున నలభై దాకా సొరవిత్తనాలు కూడా ఉన్నాయి. అవి దొరక్కపోయుంటే ఈ వ్యాసం ఉండేది కాదు.

మొదటి ఏడు మేము చేసిన ఘనకార్యం వినండి. జూన్‌లో బడి తెరవగానే హాస్టల్ వెనక గోడ పొడుగునా విత్తనాలు వేసినాం. వంట కడిగిన నీళ్లతోనే తీగ గోడెక్కింది. పద్నాలుగు కాయలు నిలిచినాయి. జనవరి 26కు ప్రదర్శన పెట్టాలని మాకు తొందర. దీపావళి కాగానే పచ్చగా ఉన్నప్పుడే కోసి, గోనెసంచుల్లో వేసి స్టోర్‌రూములో పెట్టినాం. మూడు వారాలకు వాసన. బియ్యం బస్తాల పక్కన పదకొండు కాయలు కుళ్లి నీరై పారుతున్నాయి. వంట అక్క మమ్మల్ని పిల్లల ముందరే నిలబెట్టి కడిగేసింది, మేము తలవంచుకొని విన్నాం. ఆదివారం పాపను చూడ్డానికి వచ్చిన దాది ఆ గోనెసంచుల్ని చూసి నెత్తి కొట్టుకుంది. "తీగ చచ్చేదాకా కాయను ముట్టుకోగూడదు తల్లీ. తల్లి బతికుండంగ బిడ్డను లాక్కుంటే నిలుస్తాదా?" అనింది. గొప్పలు చెప్పుకోలేని సంగతి అన్నాం కదా, ఇదే.

రెండో ఏడు నుంచి ఆమె చెప్పినట్టే చేస్తున్నాం. మీరూ చేయాలనుకుంటే ఇదీ పద్ధతి. పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, తెల్లగా. పొడుగు కాడది మగపువ్వు, అడుగున వేలంత పిందె ఉన్నది ఆడపువ్వు. పురుగులు తక్కువైన ఈ రోజుల్లో మగపువ్వును తెంపి ఆడపువ్వు మీద మెల్లగా అద్దాల, లేదంటే పిందె రాలిపోతుంది. లేతకాయ నడుముకు మెత్తని గుడ్డపీలిక కడితే అక్కడ సన్నబడి రెండు బుడ్డలుగా పెరుగుతుంది. కాడ ఎండి, కాయ బరువు తగ్గినాక, రెండంగుళాల కాడ ఉంచి కోయాల. నేల తగలకుండా గాలి ఆడే నీడలో వేలాడదీయాల. పైన నల్లగా బూజు పడుతుంది. కుళ్లిందని పారేయొద్దు, మెత్తబడితేనే కుళ్లినట్టు. నెలల తర్వాత ఊపితే గలగలమంటుంది. అప్పుడు నీళ్లలో నానబెట్టి కొబ్బరి పీచుతో రుద్దితే ఆ బూజు కిందినుంచి తేనెరంగు బయటపడుతుంది. హాక్సా బ్లేడుతో మూతి కోసి, చెంచాతో లోపలంతా గీకాల. గీకేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి, ఆ దుమ్ము గొంతు పట్టేస్తుంది.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్తున్నాం. చేదు సొర ఉంటుంది. ఆ చేదు విషం, ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. కూరకైనా రసానికైనా కాయ చేదు తగిలితే వెంటనే ఉమ్మేసి పారేయాల. బుర్రలో నీళ్లు తాగాలనుకుంటే రోజూ నీళ్లు మార్చి చేదు పూర్తిగా పోయిందాకా నానబెట్టాల. మా హాస్టల్లో తాగడానికి వాడం. విత్తనాలకు, పెన్నులకు, దీపాలకు మాత్రమే.

బొమ్మలు వేయడం దగ్గర మేము కొంత ఆలోచించినాం. బస్తర్ ఆదివాసులు ఎర్రగా కాల్చిన ఇనుముతో బుర్ర మీద బొమ్మలు వాతపెడతారు, చాలా అందంగా ఉంటాయి. పిల్లల హాస్టల్లో నిప్పు పని మాకు ధైర్యం చాలలేదు. జామెట్రీ బాక్సు ముల్లుతో గీసి, దీపం మసిని ఆముదంలో కలిపి గీతల్లోకి రుద్ది తుడిచేస్తాం. గీత నల్లగా నిలుస్తుంది. ఏం గీయాల అని అడిగితే మొదట అందరూ గులాబీ, తాజ్‌మహల్. తర్వాత ఒకరి దాది పాత పేటియా తెచ్చి ముందర పరిచింది. అద్దాల చుట్టూ కుట్టు, గవ్వల వరుస, మూడుకోణాల అంచు. మన పక్కనే బళ్లారి జిల్లా సండూరులో ఈ కుట్టుకే 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని చెప్పినాం. ఆ రోజు నుంచి సూదితో కుట్టేది ముల్లుతో గీస్తున్నారు. ఎరుకల పిల్లలకు కుట్టు తెలియదు కదా అని ఒక పాప ముఖం చిన్నబుచ్చుకుంటే, వాళ్ల నాయన ఈతబర్రలతో బుర్ర నిలబెట్టే కుదురు అల్లి పంపినాడు. గుండ్రటి బుర్ర దొర్లకుండా నిలిచింది ఆయన కుదురు మీదే.

కుటుంబం అన్న మాట ఈ పనిలో ఎందుకు వచ్చిందో చెప్పాల. మా పిల్లల్లో చాలామంది అమ్మానాన్నలు పంట చేతికి రాని ఏడు బెంగళూరుకో, కేరళకో కూలికి పోతారు. దసరా అయ్యాక పోతే ఉగాదికి తిరిగొస్తారు. కాయ పండి, తీగ చచ్చి, బుర్ర ఎండేది సరిగ్గా ఆ నెలల్లోనే. మేము దీన్ని ముందుగా ఆలోచించి చేసింది కాదు, కాలం అట్లా కలిసింది. ఒక్కొక్క బుర్రకు ఒక్కొక్క పాప పేరు కట్టి వరండాలో వేలాడదీస్తాం. వేసవి సెలవులకు ఎవరిది వాళ్లు ఇంటికి తీసుకుపోతారు, కోయడం, గీకడం ఇంట్లోనే. మొదట బుర్రను దాచుకొని ఏడ్చిన పాప ఉంది కదా, ఆమె నాయన ఆ బుర్రను చెవి దగ్గర పెట్టి ఊపి, తాను చిన్నప్పుడు రెండు బుర్రలు నడుముకు కట్టుకొని చెరువులో ఈత నేర్చుకున్నానని చెప్పినాడట. "మా చెరువులో నీళ్లుండేవంట మేడమ్!" అని ఆ పాప మాకు చెప్పింది. బుర్ర కంటే ఆ మాటే ఆమెకు వింత.

బుర్రను గురించి ఇరుగుపొరుగు దగ్గర ఇంకా పెద్ద కథలున్నాయి. బస్తర్ ఆదివాసుల సృష్టికథల్లో ప్రళయం వచ్చి లోకమంతా మునిగితే, ఒక అన్నాచెల్లెలు సొరబుర్రలో కూర్చొని తేలి బతుకుతారు. వెరియర్ ఎల్విన్ 1949లో అచ్చువేసిన పుస్తకంలో అటువంటి కథలు ఎన్నో సేకరించినాడు. తెలంగాణలో డక్కలివాళ్ల కిన్నెరకు వెదురు గడ, దాని కింద మూడు బుర్రలు, మెట్లు నిలబెట్టేది తేనెమైనం. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. మహారాష్ట్ర మిరజ్‌లో సితార్లు, తంబురలు చేసేవాళ్ల కోసం పండరిపురం వైపు రైతులు ప్రత్యేకంగా పెద్ద బుర్రలు పండిస్తారు. వాన తక్కువ సీమే అది కూడా.

అందుకే కొందరు యువకులు మమ్మల్ని అడుగుతున్నారు, దీంతో వ్యాపారం చేయవచ్చు కదా అని. చేయవచ్చు. ధర్మవరం పక్కన నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులు ఆట చూసేవాళ్లు తగ్గాక అదే తోలుతో దీపపు తొడుగులు చేసి నిలదొక్కుకున్నారు. అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ కూడా ఇచ్చినారు. తోలుబొమ్మ దీపం అయింది, పని చేతిలో మిగిలింది. అది చిన్న సంగతి కాదు. అయితే మా అభిప్రాయం ఒకటుంది, మీకు నచ్చకపోవచ్చు. అమ్మే బుర్ర చేయకముందు ఇంట్లో దాచుకునే బుర్ర ఒకటి చేయండి. దాని మీద మీ తండా పేరు, మీకు తెలిసినంత వరకు తాతముత్తాతలు ఏ దారి వెంబడి వచ్చినారో ఆ ఊళ్ల పేర్లు ముల్లుతో గీయండి. మా పిల్లల్లో ఒకతి గుత్తి, పెనుకొండ, కదిరి, ఆ తర్వాత ఖాళీ జాగా, ఆ తర్వాత బెంగళూరు అని రాసింది. ఆ ఖాళీ జాగా ఏందని అడిగితే, "దాదికి గుర్తు రాలేదు మేడమ్, గుర్తొస్తే రాస్తా" అనింది. మా దగ్గరున్న చరిత్ర పుస్తకాలు వేటిలోనూ ఇంత నిజాయితీ చూడలేదు.

ఈ సంచిక కోసం ఇది రాస్తున్న రోజుకు ఆగస్టు మొదటివారం. ఆదివాసీ దినోత్సవానికి పిల్లలు పాట నేర్చుకుంటున్నారు. వాన సరిగ్గా లేదు, జూన్‌లో ఒక్కటి మాత్రం బాగా పడింది. తీగ గోడెక్కి స్నానాలగది పైకప్పు మీదికి పోయింది. పోయిన ఏడు దాచిన విత్తనాల్లో కొన్ని పొట్లాలు కట్టి, తీజ్‌కు ఇంటికి పోయే పిల్లల చేతికి ఇస్తున్నాం, ఇంటికి పది గింజలు చొప్పున. దాది ఇప్పుడు లేదు, మాఘంలో పోయింది. ఆమె బుర్ర మా ఆఫీసు గదిలో బీరువా మీద ఈతబర్రల కుదురులో కూర్చొని ఉంది. పోయిన సాయంత్రం ఆరున్నరకు స్టడీ అవర్ గంట కొట్టినాక కూడా ముగ్గురు పిల్లలు రాలేదని వెదికితే, స్టూలు వేసుకొని గోడ మీద ఆడపువ్వుల్ని లెక్కపెడుతున్నారు. ఏడు విచ్చుకున్నాయట.